మన్యపు బిడ్డలకు న్యాయవిద్య



నేను తెలుగు పండితుడనుగా ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాట గురువుల సన్నిధిని తర్కసంగ్రహము వల్లించితిని, కౌముది చదివితిని. అందలి న్యాయశాస్త్రము వేఱు, కచేరీలలో దొరకవలసిన న్యాయము వేఱు. ఈ రెండవదానిని గూర్చి మాటలాడుటకు నాకు పట్టము లేదు. ఐనను నేడు దానిని గూర్చియే మీతో ముచ్చటింప దలచినాను. ఏలయనగా నా ఉద్యోగకాలమున పదునాలుగేండ్లు గోదావరి తీరపు మన్యమున, గిరిజన బాలుర వసతి పాఠశాలలో గడచినవి. అచట నేను చెప్పిన పాఠములను నా శిష్యులు మఱచిపోయి యుందురు. నేను నేర్చుకొన్న పాఠ మొకటి మాత్రము నన్ను విడువకున్నది.

అది 1994వ సంవత్సరము. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక కోయ బాలుడు ఒక సాయంకాలము నా యొద్దకు వచ్చి, "పంతులుగారూ! రేపు మా తాతకు వాయిదా ఉందండి. తాతకు తెలుగు సరిగా రాదు. మీరు తోడు వస్తారా?" అని యడిగెను. సరే యంటిని.

వాగు ఒడ్డున నాలుగెకరముల పొలము. మైదానము నుండి వచ్చిన ఒక కుటుంబమువారు దానిని అనుభవించుచుండిరి. అది తమ వంశమువారిదని తాత అర్జీ పెట్టుకొనెను. 1970 నకు ముందే మఱియొక గిరిజనేతరుని నుండి కొంటిమని ఎదుటివారు దస్తావేజు చూపిరి. వారి పక్షమున ప్లీడరు నిలిచెను. తాత పక్షమున నేనును, ఆ బాలుడును ఉంటిమి. కాని మే మిద్దఱమును నోరు విప్పుటకు అధికారము లేనివారము. విచారించు అధికారి తాతను చూచి, మర్యాదగనే, "ఈ భూమి నీదేనా?" అని యడిగెను. తాత చేతులు జోడించి, "నాది కాదు దొరా, వేలుపుది" అని బదులు చెప్పెను. గుమాస్తా వ్రాసికొనెను. అంతటితో తాత వాఙ్మూలము ముగిసినది. పావుగంటలో మేము వీథిలో నుంటిమి.

తిరిగి వచ్చు త్రోవలో ఆ బాలుడు నాకు వివరించినాడు: "మాలో పెద్దవాళ్లు భూమిని నాది అనరండి. అది మా వంశపు వేలుపుది. దున్నుకునేవాడు కాపలాదారు. తాత నిజమే చెప్పినాడు. నిజం చెప్తే ఎందుకు ఓడిపోతామండీ?"

పెద్దలారా! నేను అలంకారశాస్త్రము చదివినవాడను. వాక్యమునకు వాచ్యార్థము ఒకటి, దాని వెనుక తాత్పర్యము వేఱొకటి యని పిల్లలకు పాఠము చెప్పువాడను. ఆనాడు నా కన్నుల యెదుట ఒక వాక్యపు వాచ్యార్థము మాత్రము కాగితమున కెక్కినది. తాత్పర్యము వాకిట నిలిచిపోయినది. కొన్నాళ్లకు తాత అర్జీ కొట్టివేయబడినది. ఆ అధికారి దుర్మార్గుడు కాడు. ఆయన అడిగిన ప్రశ్న తప్పు కాదు. కాని దాని వెంట రెండవ ప్రశ్న యొకటి రావలసి యుండెను. "అట్లయిన ఆ వేలుపు భూమిని మీ తండ్రితాతల నాటి నుండి దున్నిన దెవరు? వారి చేతి నుండి అది ఎప్పుడు, ఎట్లు జాఱినది?" అని యడుగువాడు కావలెను. ఆ మాట అడుగుటకు కోయ బ్రతుకు తెలియవలెను, చట్టమును తెలియవలెను. రెండును తెలిసిన మనిషి ఆ గదిలో లేడు. నేను నేడు చెప్పదలచిన దెల్ల ఈ లోటును గూర్చియే.

ఈ లోటు క్రొత్తది కాదు. 1879లో గోదావరి మండలమున రంప పితూరి చెలరేగినది. మన్సబుదారుని దురాశ, కల్లుపై పన్ను, పోలీసుల జులుము దానికి కారణములని పలువురు ఎఱుగుదురు. నాటి దొరతనమువారి వ్రాతలలో మఱియొక కారణమును కనబడుచున్నది. మైదానపు వర్తకులు కొండవాండ్రతో అన్యాయపు టొడంబడికలు చేసికొని, దిగువ దేశపు కోర్టులలో దావాలు వేసెడివారు. ప్రతివాదికి ఆ కోర్టు త్రోవయు తెలియదు, భాషయు తెలియదు. అతడు హాజరు కాడు. ఏకపక్షముగా డిక్రీ పుట్టును. పిదప అమీనా వచ్చి, స్వల్పమైన అప్పునకు పశువులను, పంటను జప్తు చేసికొని పోవును. చట్టము ప్రకారము చూచినచో అందు లోపమే లేదు. పిలిచినారు, రాలేదు, తీర్పు చెప్పినారు. ఆ లోపము లేని తీర్పులే కొండవాని చేత విల్లు పట్టించినవి.

తరువాత చట్టములు మాఱినవి. ఏజెన్సీలో కొండజాతివాని భూమి, ఏజెంటుగారి వ్రాతమూలకమైన అనుమతి లేనిదే, ఇతరులకు సంక్రమింపరాదని 1917లో మదరాసు ప్రభుత్వము శాసించినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అయిదవ షెడ్యూలు ద్వారా ఇట్టి ప్రాంతములకు ప్రత్యేక రక్షణ నిచ్చినది. 1959లో ఆంధ్రప్రదేశ భూబదలాయింపు నిబంధన వచ్చినది; 1963లో అది తెలంగాణ ప్రాంతమునకును విస్తరించినది. 1970లో దానిని సవరించినారు. అదియే జనులు "ఒకటి బై డెబ్బది" అని పిలుచు శాసనము. అందొక గొప్ప మాట కలదు. ఏజెన్సీలో గిరిజనేతరుని చేత నున్న భూమి గిరిజనుని నుండి సంక్రమించినదే యని మొదట భావింపవలెను. కాదని నిరూపించు భారము ఆ గిరిజనేతరునిదే. ఈ శాసనము చెల్లునని 1988లో సుప్రీంకోర్టు నిర్ణయించినది.

ఇంతటి చట్ట ముండియు తాత ఓడిపోయినాడు. ఎందువలన? చట్టము మంచి కత్తియే. కాని ఒరలో నున్న కత్తి తనంత తాను పోరాడదు. దానిని దూయు చేయి కావలెను. చేయి ఉన్నచో ఏమగునో చెప్పుటకు మన సీమ లోనిదే ఒక నిదర్శనము కలదు. విశాఖపట్టణము మన్యమున, అనంతగిరి ప్రాంతమున, బొర్రా గుహల సమీపమున గిరిజనుల భూములను గనుల కౌలునకు ఇచ్చిరి. "సమత" యను సంస్థ ఆ గోడును న్యాయస్థానమునకు కొనిపోయినది. క్రింది మెట్టున ఓడినను వెనుదీయలేదు. 1997 జూలై 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరులకు భూమి నిచ్చుటకు వీలులేదను నియమము ప్రభుత్వమునకును వర్తించును, అచటి ప్రభుత్వ భూములను ప్రైవేటు వారికి గనుల కౌలుగా నిచ్చుటయు చెల్లదు. దేశమంతట నేటికిని ఉదాహరింపబడు తీర్పు అది. చట్టము పాతదే. దానిని చేత బట్టి నిలిచినవా రుండుటయే క్రొత్త.

ఇచట మీలో ఒకరికి సందేహము కలుగవచ్చును. "అయ్యా! న్యాయవాది ఏ జాతివాడైన నేమి? నీతిపరుడైన చాలదా?" యని. ఇది ధర్మమైన ప్రశ్న. నీతి ఏ జాతి సొత్తును కాదు. విశ్వవిద్యాలయమున గణితము బోధించిన కె. బాలగోపాల్ గారు ఆ ఉద్యోగమును విడిచి, పిదప న్యాయవాదియై, 2009లో కన్నుమూయువఱకు గిరిజనుల పక్షమున వాదించిరి. అట్టివారి ఋణము తీఱునది కాదు. మఱియు 1987 నాటి న్యాయసేవల చట్టము ననుసరించి షెడ్యూల్డు తెగలవారికి, వారి ఆదాయ మెంతయైనను, ప్రభుత్వ వ్యయమున న్యాయవాదిని ఏర్పఱుపవలెను. ఇది మీ గ్రామమున ఇంతవఱకు ఎవరికిని తెలియనిచో నేడే తెలియజేయుడు. కాని ఉచితముగా వచ్చిన న్యాయవాదికి కోయ భాష రానిచో, "వేలుపుది" యను మాట వానికిని వాచ్యార్థముగనే వినబడును. ఇంతేకాదు. 2011 జనాభా లెక్కలలో నాటి అవిభక్త ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు తెగలవారు 59 లక్షలకు పైగా నుండిరి. ఇంతటి జనము తన మాటను ఎల్లప్పుడును పరుల నోట పలికింపవలసి వచ్చుట న్యాయమునకు శోభ కాదు.

కావున మన్యపు బిడ్డలు న్యాయవాదులు కావలెను. చెప్పుట సులభము. ఆ త్రోవలో ఏయే ముండ్లు కలవో ఇప్పుడు చూతము.

మొదటిది భాష. కోయ బిడ్డకు ఇంట కోయ, బడిలో తెలుగు, న్యాయకళాశాలలో ఆంగ్లము. మూడవ భాషలో శాస్త్రము చదువవలెను. ఇంటర్మీడియటు పిదప అయిదేండ్ల చదువు, లేదా పట్టము పిదప మూడేండ్ల చదువు. హైదరాబాదున 1998లోను, విశాఖపట్టణమున 2008లోను ఏర్పడిన జాతీయస్థాయి న్యాయవిశ్వవిద్యాలయములలో షెడ్యూల్డు తెగలవారికి ప్రత్యేకించిన స్థానములు కలవు. కాని వాని ప్రవేశపరీక్ష ఆంగ్లమున జరుగును. పట్టణపు బిడ్డలు వేలకు వేలు వెచ్చించి శిక్షణ పొంది దానికి కూర్చుందురు. తలుపు తెఱచియే యున్నది. గడప మాత్రము ఎత్తు.

రెండవది ఒంటరితనము. దీనిని గూర్చి చెప్పుటకు నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఆ బాలుడు, తాత వెంట వచ్చినవాడు, "నేను ప్లీడరును అవుతానండి" అని నాతో పలుమాఱు చెప్పెను. నేను, "నాయనా! అది నీకు దూరపు చదువు. ఉపాధ్యాయ శిక్షణలో చేరుము. త్వరగా ఉద్యోగము దొరకును" అని హితము చెప్పితిని. అతడు వినక మైదానమున ఒక న్యాయకళాశాలలో చేరినాడు. రెండవ సంవత్సరమున నాకొక జాబు వ్రాసెను. పాఠము అర్థము కాకున్నదనియు, అడుగుటకు సిగ్గగుచున్నదనియు, తోడివారు తన ఉచ్చారణకు నవ్వుచున్నారనియు, ఇంటి నుండి రూపాయి వచ్చు దారి లేదనియు అందు ఉండెను. నేను ధైర్యము చెప్పుచు ఒక పద్యము వ్రాసి పంపితిని. పద్యము బాగుగనే కుదిరినది. కాని ఆ బిడ్డకు నాడు కావలసినది పద్యము కాదు. ప్రక్కన కూర్చుండి ఆంగ్లపు వాక్యమును విడదీసి చెప్పు మనిషి, నెలకు కొంత సొమ్ము, "నీవు ఓడినను ఊరు నిన్ను వెక్కిరింపదు" అను ఒక మాట. నేను బడి సెలవులలో పోయి ఒక్క వారము వానితో నుండవచ్చును. పోలేదు. అతడు చదువు మాని ఊరికి వచ్చినాడు.

ఈ ముల్లు మనకే కాదు, దూరదేశములలోని ఆదివాసులకును గ్రుచ్చుకొన్నదే. కెనడా దేశమున 1876 నాటి చట్టములో ఒక విపరీతపు నియమ ముండెను. అచటి ఆదివాసి ఎవడైన న్యాయవాది యైనచో, వాడు చట్టరీత్యా తన జాతివాడు కాకుండ పోవును. చదువునకు వెల స్వజనమును విడుచుట! 1880లో ఆ నిర్బంధమును సడలించినారు. కాని 1927లో ఇంకొక నియమము చేసిరి. ఆదివాసుల భూహక్కుల వ్యాజ్యెమునకై, ప్రభుత్వపు అనుమతి లేక, ఎవరును చందాలు పోగుచేయరాదు. అనగా ప్లీడరును పెట్టుకొనుటకు దారియే మూసిరి. 1951 వఱకు ఆ నియమము నిలిచినది. ఆ దేశముననే 1973లో సస్కటూను నగరపు విశ్వవిద్యాలయమువారు ఒక ఉపాయము కనిపెట్టినారు. న్యాయకళాశాలలో చేరుటకు ముందు వేసవిలో ఆదివాసి విద్యార్థులను ఒకచోట చేర్చి, తీర్పును చదువుట ఎట్లు, వాదమును వ్రాయుట ఎట్లు, పరీక్ష నెదుర్కొనుట ఎట్లు అని నేర్పినారు. ఆ వేసవి బడి గుండ వందలమంది న్యాయవిద్యలో అడుగు పెట్టిరి. వారి బుద్ధిలో లోప మెన్నడును లేదు. గడప యొద్ద ఒక మెట్టు కట్టువారు లేకపోవుటయే లోపము.

మన దేశమునను అట్టి మెట్టు కట్టినవా రున్నారు. షమ్నాద్ బషీర్ అను న్యాయాచార్యుడు 2010లో "ఇడియా" యను ఉద్యమమును స్థాపించి, పేద బిడ్డలను, పల్లె బిడ్డలను ఎన్నుకొని ప్రవేశపరీక్షకు సిద్ధము చేయుటయు, చేరిన పిదప వెంట నిలుచుటయు ఆరంభించిరి. ఆయన 2019లో చిన్న వయసుననే గతించిరి. 2024 ఫిబ్రవరిలో తమిళనాట జవ్వాది కొండల ప్రాంతపు శ్రీపతి యను యువతి, మలయాళి యను కొండజాతి బిడ్డ, ఇరువదిమూడేండ్ల ప్రాయమున సివిలు న్యాయాధికారి పదవికి ఎన్నిక యైనది. కాన్పైన కొలదిదినములకే ఆమె దూరప్రయాణము చేసి పరీక్ష వ్రాసినది. ఆ సాహసమును మెచ్చుకొందము. కాని బాలెంతరాలు అంతదూరము పోయినగాని న్యాయపీఠము దొరకదను స్థితి మాత్రము మెచ్చదగినది కాదు.

మూడవ ముల్లు అన్నిటికంటె వాడియైనది. అది పట్టము చేతికి వచ్చిన పిదప గ్రుచ్చుకొనును. న్యాయవాదికి చదువు ముగిసిన నాడే జీతము పుట్టదు. ఒక పెద్ద న్యాయవాది యొద్ద మూడు నాలుగేండ్లు శిష్యరికము చేయవలెను. ఆ కాలమున చేతికి వచ్చునది బహు స్వల్పము. పట్టణమున గది అద్దె, తిండి, నల్లకోటు, పుస్తకములు, బస్సు ఖర్చు తప్పవు. తండ్రికి పట్టణమున ఇల్లున్నవాడు ఈ కాలమును దాటును; పోడు చేసికొను తండ్రి బిడ్డ ఇచటనే ఆగిపోవును. అయిదేండ్లు ఈది వచ్చి ఒడ్డున మునుగుట యనగా ఇదియే.

ఈ విషయమున కొంత మేలు జరిగినది. 1961 నాటి న్యాయవాదుల చట్టము ప్రకారము పేరు నమోదు చేసికొనుటకు రుసుము స్వల్పమే. కాని రాష్ట్రముల బారు కౌన్సిళ్లు వేఱు వేఱు పద్దుల క్రింద వేలకు వేలు రాబట్టుచుండెను. 2024 జూలై 30వ తేదీన సుప్రీంకోర్టు దీనిని నిలిపివేసినది. ఇతరులకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 125 రూపాయలు మించి నమోదు రుసుము తీసికొనరాదని నిర్ణయించినది. క్రొత్త న్యాయవాదులకు మొదటి మూడేండ్లు నెలకు 5,000 రూపాయల సాయము చేయు పథకము 2019లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైనది. శిష్యులకు నెలకు పట్టణములలో 20,000, పల్లెపట్టులలో 15,000 రూపాయలకు తక్కువ కాకుండ ఇచ్చుట మంచిదని 2024 అక్టోబరులో భారత బారు కౌన్సిలు సలహా చెప్పినది. సలహా సలహాయే, ఆజ్ఞ కాదు. పథకములు వచ్చుచుండును, పోవుచుండును. ఊరి అండ మాత్రము వచ్చి పోవునది కాకూడదు.

ఊరి అండ యనగా ఏమో నేను కన్నులార చూచితిని. 2014లో ఆ పాత శిష్యుడు, నెఱసిన తలతో, తన చెల్లెలి కూతును వెంటబెట్టుకొని నా యింటికి వచ్చినాడు. "పంతులుగారూ! ఇది ప్లీడరు చదువు చదువుతానంటోంది. ఆనాడు నన్ను వద్దన్నారు. దీన్ని మాత్రం వద్దనకండి" అన్నాడు. అందు నిష్ఠురము లేదు. కాని నాకు తల ఎత్త శక్యము కాలేదు. ఆ వేసవి రెండు నెలలు ఆ బాలిక మా యింటనే యుండి ఆంగ్లము చదివినది. నాకు వచ్చిన ఆంగ్లము కొంచెము. మా కోడలికి వచ్చినది ఎక్కువ. ఇద్దఱమును కలిసి చెప్పితిమి. పిదప వారి ఊరి పెద్దలు నన్నును పిలిచి, చింతచెట్టు క్రింద కూర్చుండి మూడు కట్టడులు చేసినారు.

మొదటిది: ఆమె చదువు ముగియు దాకను, పిదప శిష్యరికపు మూడేండ్లును, పంటకొక మాఱు ఇంటికొక కుంచము ధాన్యమో, దానికి తగిన సొమ్మో పోగుచేసి పంపవలెను. రెండవది: పేరు నమోదు చేసికొను దాకను ఆమె పెండ్లి మాట ఎవరును ఎత్తరాదు, ఎత్తినవారు తప్పు చెల్లింపవలెను. మూడవది నాకు మిక్కిలి నచ్చినది. ఆమె సెలవులకు వచ్చినప్పుడెల్ల పెద్దలు ఒక్కొక్కరు కూర్చుండి ఊరి పొలిమేరలు, వాగుల పేర్లు, ఏ వంశము ఎచ్చట పోడు కొట్టినది, ఏ వేలుపునకు ఏ చెట్టు, ఏ భూమి ఎవరి చేతికి ఎట్లు పోయినది చెప్పవలెను, ఆమె వ్రాసికొనవలెను. దీని వలన రెండు లాభములు కలిగినవి. చదువుకొన్న బిడ్డ ఊరికి పరాయిది కాలేదు. కాగితము లేని ఊరికి ఒక కాగితము ఏర్పడినది. 2006 నాటి అటవీహక్కుల చట్టపు నిబంధనలలో పెద్దల వాఙ్మూలమును వ్రాతలో పెట్టినచో అదియు సాక్ష్యముగా పరిగణింపవలెనని యున్నది. మీ తలలో నున్న జ్ఞాపకము వట్టి ముచ్చట కాదు, పెద్దలారా! దానిని తగిన చోట తగినట్లు విన్నవించువా రున్నచో అది ఆస్తి.

ఆమె త్రోవయు నున్నగా సాగలేదు. మొదటి సంవత్సరము ఒక పాఠమున తప్పినది. ఒక ఏడు పంట పోయి ధాన్యము రాలేదు. ఆకు కోత డబ్బులలో నుండి తీసి పంపిరి. పట్టణమున గది అద్దెకిచ్చువా రొకరు జాతి తెలిసిన పిదప మాట మార్చిరి. ఒక వృద్ధ న్యాయవాది భార్య తన యింట వెనుకగది ఇచ్చి, "నా కూతురు చదువుకున్న గదే ఇది. ఉండమ్మా" అని చెప్పినది. ఆ మాట వలన ఒక న్యాయవాది నిలిచినది. మీలో పట్టణములకు సమీపమున నున్నవారు ఈ చిన్న సంగతిని మనసున నుంచుకొనవలెను.

ఇక నా విన్నపములు. మన్యపు గ్రామముల పెద్దలారా! చదువు మీద ఆశ గల బిడ్డను ఎనిమిదవ తరగతిలోనే గుర్తింపుడు. పట్టము వచ్చిన నాడు పండుగ చేసి చేతులు దులుపుకొనకుడు. కష్టకాలము అప్పుడే మొదలగును. ఒక పరీక్ష తప్పిన బిడ్డను నలుగురిలో చిన్నబుచ్చకుడు. మైదానపు పెద్దలారా! మీ బంధువులలో న్యాయవాదులున్నచో, ఒక్క గిరిజన శిష్యుని చేర్చుకొని కడుపునకు చాలినంత ఇచ్చునట్లు చెప్పుడు. మీ బిడ్డలకు ఆంగ్లము వచ్చినచో, వేసవిలో ఒక మన్యపు బిడ్డకు చెప్పింపుడు. ఇది దానము కాదు. మన దిగువ దేశపువారు పూర్వము దావాలు వేసి తెచ్చుకొన్న పశువుల లెక్క ఇంకను తేలలేదు. బాకీ తీర్చుటను దాన మనరాదు.

నాతోడి ఉపాధ్యాయులకును ఒక్క మాట. పేద బిడ్డ పెద్ద చదువు పేరెత్తినప్పుడు, వాని మేలు కోరియే మనము చిన్న త్రోవ చూపుదుము. ఆ మేలుకోరికలో మన బద్ధకము ఎంత, వాని శక్తిపై అపనమ్మక మెంత యని ఒక్కమాఱు తరచి చూచుకొందము. నేను చూచుకొనలేదు. ఇరువదియేండ్లు ఆలస్యమైనది.

తాత భూమి ఏమైనదని మీ రడుగుదురు. అది తిరిగి రాలేదు. తాతయు లేడు. ఆ వ్యాజ్యెము ముగిసిపోయినది. కాని ఇటీవల ఆ ఊరిదే మఱియొక పొలము విషయమున విచారణ జరిగినది. నేనును పోయి వెనుక బల్లపై కూర్చుంటిని. అధికారి ఒక ముసలమ్మను, "ఈ భూమి నీదేనా?" అని యడిగెను. ఆమె చేతులు జోడించి, "నాది కాదయ్యా, వేలుపుది" అనినది. గుమాస్తా కలము ఎత్తినాడు. అప్పుడు నల్లకోటు తొడిగిన మా కోయ బిడ్డ లేచి, "అయ్యా! ఈ సాక్షిని ఇంకొక్క ప్రశ్న అడుగుటకు అనుమతింపవలెను" అని, ముసలమ్మ వైపు తిరిగి కోయ భాషలో అడిగినది. ముసలమ్మ ముఖము విప్పారినది. ఆమె చాలసేపు చెప్పినది. తాత పేరు, ముత్తాత పేరు, ఇప్పచెట్టు, ఒక కఱవు, అప్పుగా తెచ్చిన జొన్నలు అన్నియు వచ్చినవి. మాట మాటయు తెలుగున చెప్పగా గుమాస్తా రెండు పుటలు వ్రాసినాడు.

తీర్పు ఇంకను రాలేదు. ఎట్లు వచ్చునో నేను జోస్యము చెప్పజాలను. కాని ఈ మాఱు రెండవ ప్రశ్న అడుగబడినది. నా శిష్యుడు నా ప్రక్కనే కూర్చుండి యుండెను. అతడేమియు అనలేదు, కండువాతో కన్నులు తుడుచుకొని, బస్సు వేళ యైనదని లేచినాడు.

పెద్దలారా! మీ మీ ఊళ్లలో అట్టి ప్రశ్న అడుగగల బిడ్డ ఒక్కరైన ఎక్కడనో బడిలో కూర్చుండి యుందురు. వెదకుడు. దొరకిన పిదప విడువకుడు.